కర్చీఫు పడని సీట్లు

మా బాబాయి కొడుకు వారానికో రీల్ పంపిస్తాడు. మొన్నటిదాంట్లో ఫోన్ ఎక్కువ చూస్తే డోపమైన్ రిసెప్టర్లు కాలిపోతాయని, బ్రెయిన్ స్కాన్‌లో తేలిపోయిందని చెప్తూ ఒక ఎర్ర మెదడు, ఒక నీలం మెదడు పక్కపక్కన పెట్టారు. కింద వాడి మెసేజ్, "చూశావా అన్నయ్యా, ప్రూఫ్!"

డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం, అది వచ్చి కూర్చునే చోట్లే రిసెప్టర్లు. అలాంటి బొమ్మలు వచ్చేది పెట్ స్కాన్ నుంచి, అంటే ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపే స్కాన్. ఎక్కువగా వాడే పద్ధతిలో రిసెప్టర్లకు అంటుకునే రాక్లోప్రైడ్ అనే పదార్థానికి రేడియేషన్ ఇచ్చే కార్బన్-11 తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. ఆ కార్బన్ 20 నిమిషాలకోసారి సగం అయిపోతుంది కాబట్టి తయారుచేసిన వాళ్లు దాన్ని పట్టుకుని పరుగెత్తాల్సిందే. ఆ తర్వాత మనిషి దాదాపు గంటసేపు తల కదపకుండా పడుకోవాలి. కోత లేదన్న మాటేగానీ సూదీ ఉంది, రేడియేషనూ ఉంది.

ఇక అసలు సంగతి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు వేస్తాం కదా, రాక్లోప్రైడ్ చేసేదీ అదే, ఖాళీ సీట్లలోనే, అంటే ఖాళీ రిసెప్టర్లలోనే పడుతుంది. మెదడు సొంత డోపమైన్ అప్పటికే కూర్చున్న సీటు దానికి దొరకదు. మరి కర్చీఫులు తక్కువ పడ్డాయంటే బస్సులో సీట్లే తక్కువా, లేక జనం ఎక్కువా? ఒక్క స్కాన్ చూసి చెప్పలేం. డోపమైన్ రిసెప్టర్లలో డి2, డి3 అని రకాలున్నాయి, ఏ సీటు ఏ రకమో కూడా రాక్లోప్రైడ్‌కు తేడా తెలీదు.

1998లో లండన్‌లో ఎనిమిది మంది మగవాళ్ల చేత యుద్ధట్యాంకు వీడియో గేమ్ ఆడిస్తూ స్కాన్ తీశారు. రాక్లోప్రైడ్ అంటుకోవడం తగ్గింది. ఆ కాసేపట్లో ఎవరి రిసెప్టర్లూ కాలిపోలేదు, డోపమైన్ విడుదలై సీట్లు నిండాయి, అంతే. ఆ బొమ్మే ఈ రీల్ చేసినవాడి చేతిలో పడుంటే ఏమని రాసేవాడో!

అలాగని కొలతే దండగ అనను. మెదడు లోపల స్ట్రయేటమ్ అనే చోట ఈ రిసెప్టర్లు దట్టంగా ఉంటాయి, అక్కడ ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే తేడా మామూలుగా 10 శాతం లోపే. పై పొరల్లో అవి మరీ పలుచన, అక్కడ రాక్లోప్రైడ్ అంకెల్ని నేనైతే నమ్మను, దానికి ఫాలీప్రైడ్ లాంటివి వేరే ఉన్నాయి. మందుల విషయంలో మాత్రం ఈ స్కాన్ బాగా పనికొచ్చింది. 2000లో టొరంటోలో స్కిజోఫ్రీనియా రోగుల మీద హాలోపెరిడాల్‌ను పరీక్షిస్తే, మందు 65 శాతం సీట్లు పట్టినప్పుడు గుణం కనపడటం, 78 దాటితే ఒళ్లు బిగుసుకుపోవడం, వణుకు లాంటి ఇబ్బందులు పెరగడం బయటపడింది.

ఇదంతా ఫోన్లో చెప్తే వాడు, "అయితే నేనూ ఒకటి తీయించుకోనా అన్నయ్యా?" అన్నాడు. తీయించుకుని ఏం చేస్తావురా, వయసుతోనే ఆ అంకె తగ్గుతుంది, మనిషికీ మనిషికీ మారుతుంది, ఫోన్ వల్లే తగ్గిందని దాన్ని చూసి ఏ డాక్టరూ చెప్పలేడు అన్నాను.