పాత నంబర్ పోకుండా ల్యాండ్‌లైన్‌ను ఫైబర్‌కు మార్చుకున్నాం: నా అనుభవం

నల్లగొండలో మా వీధిని డ్రైనేజీ పైపుల కోసం తవ్వినప్పుడు భూమిలో ఉన్న టెలిఫోన్ కేబుల్ తెగింది. తర్వాత అతుకు వేశారు. అయితే అతుకు పడిన చోట నీళ్లు చేరుతూనే ఉంటాయి. ఒక వాన పడితే ఫోన్‌లో గరగర, ముసురు పట్టిందంటే అసలు మోగదు. లైన్‌మన్ మంచి మనిషి, పిలిచినప్పుడల్లా వచ్చేవాడు. చివరికి ఆయనే చెప్పాడు: "అక్కా, ఈ రాగి తీగ ఇంక నిలువదు. ఫైబర్‌కు మారుండ్రి."

ఇంట్లో అందరికీ మొబైళ్లు ఉండగా ల్యాండ్‌లైన్ ఇంకా ఎందుకని చాలామంది అడిగారు. మా అత్తమ్మ కోసం. ఆమెకు కంటి ఆపరేషన్ అయింది, టచ్ స్క్రీన్ మీద వేలు నిలవదు. వెనక వాకిట్లో తులసి దగ్గర ఉంటే మొబైల్ మోత వినపడదు, వినపడి వచ్చేసరికి కట్ అయిపోతుంది. బటన్ల మొబైల్ కొనిచ్చి చూశాం. దాన్ని చార్జింగ్ పెట్టాలన్న సంగతే ఆమెకు గుర్తుండదు. హాల్లో ఉన్న పెద్ద అంకెల ఫోన్ మాత్రం చీకట్లో కూడా ఎత్తుతుంది, చూడకుండా నంబర్ నొక్కుతుంది.

నంబర్ సంగతి ఇంకా పెద్దది. మా మామయ్య వాళ్లది గట్టుప్పల్. మగ్గాల పని తగ్గాక ఆయన అన్నదమ్ములు కొందరు భివండికి, కొందరు షోలాపూర్‌కు వెళ్లి పవర్‌లూమ్‌లలో కుదురుకున్నారు. ఆయన నల్లగొండలో ఇల్లు కట్టుకున్నప్పుడు తీసుకున్న కనెక్షన్ అది. పెళ్లి కార్డుల మీద, బ్యాంకు పుస్తకంలో, గ్యాస్ బుక్కులో, డాక్టరు గారి చీటీలో 08682 తర్వాత అవే ఆరు అంకెలు. చావు కబురైనా పెళ్లి కబురైనా ఆ నంబర్‌కే వచ్చేది. మామయ్య పోయాక కూడా భివండి, షోలాపూర్‌ల నుంచి పండక్కి ఫోన్ చేసేవాళ్లు దానికే చేస్తారు. "నంబర్ మారిస్తే భివండోళ్లకు ఎట్ల తెలుస్తదమ్మా?" అన్నది అత్తమ్మ. అందరికీ ఫోన్ చేసి చెబుదామని మా ఆయన అన్నాడు. అందరూ అంటే ఎవరెవరు? ఆమె దగ్గర జాబితా ఏమీ లేదు, ఎవరి నంబర్ ఏమిటో కొన్ని ఆమెకే తెలుసు, కొన్ని మామయ్యతోనే పోయాయి. కాబట్టి నంబర్ ఉండాల్సిందే అని నేను గట్టిగా అనుకున్నాను.

ముందు ఉన్న దారులన్నీ చూశాను. సిమ్ కార్డు వేసే టేబుల్ ఫోన్ ఒకటి దొరుకుతుంది, చూడ్డానికి అచ్చం ల్యాండ్‌లైన్‌లాగే ఉంటుంది, లోపల బ్యాటరీ కూడా ఉంటుంది. నంబర్ మారినా ఫర్వాలేదనుకునే ఇళ్లకు అది చాలా మంచిది, తక్కువ ఖర్చుతో పని అయిపోతుంది. మాకు కుదరలేదు. వాట్సాప్ కాల్స్ ఉన్నాయి కదా అన్నారు కొందరు. అది అవతలివాళ్ల దగ్గరా వాట్సాప్ ఉంటేనే, మామూలు ఫోన్‌కు పోదు. రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే 108కి గానీ 112కి గానీ దాంట్లోంచి చేయలేం. డెబ్బై దాటిన మనిషి పగలంతా ఒక్కతే ఉండే ఇంటికి అది పనికిరాదు.

ఇక మిగిలింది ఫైబర్ ఇంటర్నెట్‌తో వచ్చే ఫోన్. ఇంట్లో పెట్టే ఫైబర్ డబ్బాకు వెనక ఒక చిన్న ఫోన్ సాకెట్ ఉంటుంది. మన పాత ఫోన్ వైరునే అందులో గుచ్చితే చాలు. మాట ఇంటర్నెట్ మీద పోతుందన్న మాటే గానీ, వాడేవాళ్లకు తేడా తెలియదు. యాప్ అక్కర్లేదు, కొత్త ఫోనూ అక్కర్లేదు.

ఆ సమయంలోనే ఒక ప్రైవేటు కంపెనీ తరఫున ఒకబ్బాయి వచ్చాడు. ప్లాన్ బాగుంది, ఇండియా అంతా ఫ్రీ కాల్స్. "మీ పాత నంబరే వస్తది మేడమ్" అన్నాడు. ఆ మాట దరఖాస్తు మీద రాసివ్వమన్నాను. రాయలేదు. ఎందుకు రాయలేదో తర్వాత తెలిసింది. కంపెనీ మారినా నంబర్ మారకుండా ఉండే పద్ధతి దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది, కానీ అది మొబైళ్లకే. ల్యాండ్‌లైన్‌కు లేదు. వేరే కంపెనీకి పోతే 08682తోనే మొదలయ్యే నంబర్ ఇస్తారు, కానీ వెనక ఆరంకెలు కొత్తవి. ఈ ఒక్క విషయం ముందే తెలియక చాలా ఇళ్లలో పాత నంబర్లు పోయాయి. కనెక్షన్ సరెండర్ చేశాక ఆ నంబర్ తిరిగి దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

పాత లైన్ ఉన్న కంపెనీలోనే ఫైబర్‌కు మారితే మాత్రం నంబర్ నిలుస్తుంది. నంబర్ వాళ్లదే కాబట్టి రాగి తీగ మీద నుంచి తీసి ఫైబర్ మీద పెడతారు. అందుకే మేం ఆ దారి పట్టాం. అసలు పని అక్కడే మొదలైంది, ఎందుకంటే కనెక్షన్ ఇంకా మామయ్య పేరు మీదే ఉంది. బిల్లు కడుతున్నంత కాలం ఎవరూ అడగలేదు. మార్పు అనగానే పేరు అడిగారు. మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవ ద్వారా తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అత్తమ్మ ఆధార్, ఫోటో, మిగతా వారసులకు అభ్యంతరం లేదని సంతకాలు. మా ఆడబిడ్డ మిర్యాలగూడలో ఉంటుంది, ఆమె సంతకం కోసం పోయి రావాల్సి వచ్చింది. కాగితాలన్నీ చేతిలో ఉంటే మార్పు పెద్ద కష్టం కాదు, అవి సమకూర్చుకోవడంలోనే టైమ్ పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు కరెంటు మీటరు, ఇంటి పన్ను పేరు మారుస్తారు, ఫోన్ సంగతి ఎవరికీ తట్టదు. మీ ఇంట్లో అలా ఉంటే లైన్ బాగున్నప్పుడే మార్పించుకోండి. పాత బిల్లు బాకీ లేకుండా కట్టిన రసీదు కూడా పెట్టుకోండి.

ప్లాన్ దగ్గర నేను ఎక్కువ ఆలోచించలేదు. ఒక ఫోన్ కాల్‌కు ఒక్కో వైపు సుమారు 100 కేబీపీఎస్ స్పీడు సరిపోతుంది (వెయ్యి కేబీపీఎస్ అంటే ఒక ఎంబీపీఎస్). 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అది మూడు వందల వంతుల్లో ఒక వంతు. మాట స్పష్టంగా రావడానికి స్పీడు పెంచుకోవాల్సిన పని లేదు, లైన్ నిలకడగా ఉంటే చాలు. అన్నిటికన్నా చిన్న ప్లానే తీసుకున్నాం. చెప్పే ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. 399 అన్నది చేతికొచ్చేసరికి 471 అవుతుంది.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది కరెంటు. రాగి తీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టుల కరెంటు అదే తీగలో వచ్చేది. అందుకే వీధంతా చీకటైనా ఆ ఫోన్ మోగేది. ఫైబర్ గాజు పోగు, దాంట్లో వెలుతురు తప్ప కరెంటు రాదు. ఇంట్లో డబ్బాకు కరెంటు లేకపోతే ఫోన్ లేనట్టే. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మనిషికి ఫోన్ అవసరం పడేది కూడా అప్పుడే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ అది ఫ్యాన్లకు, లైట్లకే. డబ్బా పెట్టాలనుకున్న గోడ దగ్గరి ప్లగ్గుకు ఇన్వర్టర్ లైన్ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందే ఆ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైన్ లాగించాను. ఇన్వర్టర్ లేనివాళ్లకు రూటర్ కోసమే అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు ఉన్నాయి, డబ్బా తినే కరెంటు తక్కువే కాబట్టి కొన్ని గంటలు నడుస్తాయి. కొనేముందు డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూసుకోవాలి.

అయితే మన ఇంట్లో కరెంటు ఉంటే సరిపోదు. ఫైబర్ అవతలి కొస ఉన్న యంత్రానికీ ఉండాలి. దాన్ని ఓఎల్‌టీ అంటారు. అక్కడికీ మనకూ మధ్య స్తంభాల మీద ఉండే, ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్ డబ్బాలకు కరెంటు అక్కర్లేదు, అంతవరకు నయం. కొన్నిచోట్ల ఓఎల్‌టీ ఎక్స్ఛేంజీలోనే ఉంటుంది, బ్యాటరీలు, జనరేటర్ అక్కడ ఉంటాయి. కొన్నిచోట్ల కంపెనీ తరఫున కనెక్షన్లు ఇచ్చే కేబుల్ ఆపరేటర్ తన ఆఫీసు గదిలో పెట్టుకుంటాడు. మా వీధికి కనెక్షన్లు ఇచ్చే ఆపరేటర్ దగ్గరకు పోయి, "అన్నా, మీ ఓఎల్‌టీ యాడుంది? కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తది?" అని అడిగాను. ఎవరూ అట్లా అడగరట. లోపలికి పిలిచి బ్యాటరీలు చూపించాడు. ఆ మనిషి మీద అప్పుడే నమ్మకం కలిగింది.

తీగ లాగే రోజు నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను, అది మంచిదైంది. ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వచ్చి రోడ్డు దాటాలి. మా వీధిలో కోతల కాలంలో వరిగడ్డి ట్రాక్టర్లు ఇంటి ఎత్తు మోపులతో పోతాయి, వినాయక నిమజ్జనానికి పెద్ద విగ్రహాలు వస్తాయి, కోతులైతే తీగ మీద ఊగుతూనే ఉంటాయి. "తమ్ముడూ, పొడవు ఎక్కువైనా సరే, రోడ్డు దాటే చోట పైకి కట్టు" అన్నాను. బాల్కనీ అంచు నుంచి లోపలికి పైపులో వేయించాను, కోతి చేతికి అందకుండా. మూలల దగ్గర తీగను మడత పెట్టొద్దని, మేకు కొట్టి నొక్కొద్దని అతనే చెప్పాడు, గాజు పోగు కదా. చివర్లో చిన్న మీటరు పెట్టి వెలుతురు ఎంత వస్తుందో చూశాడు, మైనస్ 20 దగ్గర చూపించింది. మైనస్ 27 దాటి ఇంకా కిందికి పోతే, అంటే వెలుతురు మరీ తగ్గితే, లైన్ నిలవదట. ఆ అంకెను ఒక చీటీ మీద రాసి డబ్బాకు అతికించాను. రేపు ఫోన్ సతాయిస్తే వచ్చినవాళ్లు మళ్లీ కొలిచి దీంతో పోల్చుకోవచ్చు.

ఇంకో పని అతను చేయబోతుంటే ఆపి అడిగాను. మా ఇంట్లో హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి, రెండు ఫోన్లు పాత వైరింగ్‌తో కలిసి ఉన్నాయి. డబ్బా ఫోన్ సాకెట్ నుంచి ఆ వైరింగ్‌కే కలిపితే రెండూ మోగుతాయి. కానీ బయటి పాత తీగను ముందు విప్పేయాలి. అందులో ఎక్స్ఛేంజీ కరెంటు ఇంకా వస్తూ ఉంటే డబ్బా పాడయ్యే ప్రమాదం ఉంది. విప్పాకే కలిపాడు. హాల్లో ఫోన్ అడుగున ఉండే పల్స్, టోన్ బటన్‌ను టోన్ వైపు జరిపాడు. అది పల్స్‌లో ఉంటే కొన్ని డబ్బాలకు మనం నొక్కిన అంకెలు అర్థం కావు.

నంబర్ ఆ రోజే రాలేదు. ఇంటర్నెట్ వచ్చింది, ఫోన్‌లో మాత్రం చప్పుడు లేదు. నంబర్‌ను పాత ఎక్స్ఛేంజీలో తీసి కొత్తదాంట్లో ఎక్కించే పని ఆఫీసులో వేరేవాళ్లది. ఆ మధ్యలో అత్తమ్మ మాటిమాటికీ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని చూసేది. నాకూ గుబులుగానే ఉండింది, పాత లైన్ తీసేశాక నంబర్ ఎవరికైనా ఇచ్చేస్తారేమోనని. ఫైబర్ దరఖాస్తులో పాత నంబర్ రాసి, రసీదు మీద కూడా రాయించుకున్నాను కాబట్టి అది పట్టుకుని ఆఫీసుకు పోయి అడిగాను. మరుసటి రోజు ఫోన్‌లో టోన్ వచ్చింది.

వచ్చాక ఒక్కొక్కటీ చూసుకున్నాం. నా మొబైల్ నుంచి పాత నంబర్‌కు చేస్తే రెండు ఫోన్లూ మోగాయి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసినా కాల్ వెళ్లింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్ నంబర్ ముందు సున్నా కొట్టాలి, ఫైబర్ ఫోన్‌కూ అదే పద్ధతి, అత్తమ్మకు అది అలవాటే. గాలిదుమారానికి కరెంటు పోయినప్పుడు కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కు చేసి, వాళ్లు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నప్పుడు అంకెలు సరిగ్గా పోతున్నాయో లేదో చూశాను. గ్యాస్ బుకింగ్‌కూ, బ్యాంకుకూ అది కావాలి. 112ను ఊరికే చేసి చూడకూడదు, అందుకే ఆఫీసులో అడిగి ఈ లైన్ నుంచి వెళ్తుందని తేల్చుకున్నాను. కనెక్షన్ మీద మా ఇంటి అడ్రసు ఇప్పటి డోర్ నంబర్‌తో ఉందో లేదో కూడా చూసుకున్నాను. పాతది ఉంటే దిద్దించుకోవాలి.

మాట ముందుకన్నా స్పష్టంగా ఉంది. పాత లైన్‌లో ఆ గరగర మధ్య అత్తమ్మ గొంతు పెంచి అరిచేది, ఇప్పుడు మామూలుగా మాట్లాడుతోంది. అయినా తీగ తెగే రోజు ఒకటి వస్తుంది, ట్రాక్టరో, గాలివానో. అందుకని ఫైబర్ లేనప్పుడు వచ్చే కాల్స్ మా ఆయన మొబైల్‌కు మళ్లేలా ఆఫీసులో చెప్పి పెట్టించాం. ఇంట్లో ఒక బటన్ల మొబైల్‌ను చార్జింగ్‌లోనే ఉంచి పూజగది పక్కన పెట్టాను, అందులో మా నంబర్లు, 108 మాత్రమే ఉన్నాయి.

దసరాకు భివండి నుంచి చిన్నమామయ్య ఫోన్ చేశాడు, అదే నంబర్‌కు. లైన్ మారిందన్న సంగతి ఆయనకు అత్తమ్మ చెబితేనే తెలిసింది. ఇప్పుడు దేవరకొండలో మా పుట్టింట్లో కూడా మార్చాలని మా తమ్ముడు అడుగుతున్నాడు. కనెక్షన్ నాయిన పేరు మీదే ఉంది, ఆయన చల్లగా ఉన్నారు కాబట్టి కాగితాల పని పెద్దగా లేదు. ప్లాన్లు చూడకముందు వాళ్ల కేబుల్ ఆపరేటర్ దగ్గరికి పోయి ఓఎల్‌టీ బ్యాటరీలు చూసి రమ్మన్నాను.