మా కమారోలో ఉన్నది అసలు ఇంజినేనా? నా అనుభవం

కారు అమ్మిన పెద్దాయన ఒకే మాట అన్నారు: "నంబర్స్ మ్యాచింగ్." ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇప్పటికీ ఉందని దానర్థం. రుజువుగా చూపించడానికి ఆయన దగ్గర కాగితం ఒక్కటీ లేదు. 1969 షెవర్లే కమారో, 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్. కొన్న నెలరోజులకు గాని ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని కూర్చోలేదు.

మేముండేది ఒహాయోలో, సిన్సినాటి శివార్లలో. 1987లో మూతపడిన జనరల్ మోటార్స్ నార్‌వుడ్ ప్లాంటు ఉన్న చోటు మా ఇంటికి అరగంట దూరం. మా కారు తయారైంది అక్కడే.

ముందు విన్, అంటే కారు గుర్తింపు నంబరు, చూశాను. డాష్‌బోర్డు మీద, డ్రైవర్ వైపు అద్దంలోంచి కనిపించే చిన్న రేకు మీద ఉంటుంది. 124379ఎన్, ఆ తర్వాత ఆరంకెలు. మొదటి 1 షెవర్లే, 24 అంటే వి8 (ఎనిమిది సిలిండర్ల) కమారో, 37 కూపే, 9 అంటే 1969, ఎన్ అంటే నార్‌వుడ్. చిక్కంతా ఇక్కడే ఉంది. వి8 అని చెప్తుంది కాని ఏ వి8 అన్నది చెప్పదు. 302, 350, 396 అన్నిటికీ అదే 24. ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్, ఎక్కువ శక్తి గల రకం) కారా కాదా అన్నది కూడా అందులో ఉండదు. బానెట్ కింద ఫైర్‌వాల్ మీదున్న బాడీ ట్యాగ్‌లో 07ఏ అని ఉంది, అంటే జూలై మొదటి వారం. ఎక్స్11 అని కూడా ఉంది. ఎస్ఎస్ 350కీ అదే కోడ్, అదనపు ట్రిమ్ పెట్టిన మామూలు కారుకూ అదే కోడ్. కాబట్టి దాన్నిబట్టి కూడా ఏమీ తేలదు. ఇక ఇంజిన్ మీదున్న నంబర్లే దిక్కు.

షెవర్లే స్మాల్ బ్లాకు (302, 350 లాంటి చిన్న వి8) ఇంజినుకి ముందు వైపు, ప్యాసింజర్ పక్క, సిలిండర్ హెడ్ కింద నుంచి కొంచెం బయటికి వచ్చిన చదునైన చోటు ఉంటుంది. దాన్ని ప్యాడ్ అంటారు. అసెంబ్లీ ముద్ర దాని మీదే కొడతారు. మొదట వి అని ఉంటే ఫ్లింట్ ప్లాంటు, తర్వాత నెల, తేదీ, చివర రెండక్షరాలు. ఆ రెండక్షరాలే ముఖ్యం. 69 కమారోలో హెచ్ఏ అంటే 300 హార్స్‌పవర్ ఎస్ఎస్ 350, మాన్యువల్ గేరుది. డీజెడ్ అంటే జెడ్28 రకం కమారోలో వచ్చే 302.

69లో ఆల్టర్నేటర్ కూడా ఆ పక్కనే ఉంటుంది. దాన్ని విప్పి పక్కన పెడితే గాని ప్యాడ్ కనపడలేదు. మీద నారింజ రంగు పెయింటు, దాని మీద జిడ్డు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు బోరింగ్, ఫేసింగ్ (ఇంజిన్ బ్లాకు ముఖం మెషీన్ మీద చదును చేయడం) పనులు చేశారు. వీడియో కాల్‌లో చూపిస్తే మొదట అన్న మాట: "తుడువు నాన్నా, గీకొద్దు. వైర్ బ్రష్ ముట్టుకోకు. ఎమరీ అసలే వద్దు." అందుకని పెయింట్ రిమూవర్ రాసి, ప్లాస్టిక్ బ్రష్‌తో, బట్టతో గంటసేపు ఓపిగ్గా తుడిచాను.

ప్యాడ్ శుభ్రమైంది కాని దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు.

టార్చి పక్క నుంచి వేయమన్నారు నాన్న. ఫ్యాక్టరీలో బ్రోచింగ్ చేసిన (పళ్ల కట్టర్‌తో తిన్నగా చెక్కిన) ముఖం మీద ముందు నుంచి వెనక్కి సన్నటి తిన్నని గీతలుంటాయి, దువ్వెనతో గీసినట్టు. నా ప్యాడ్ మీద వంపు తిరిగిన గీతలున్నాయి, ఒకదాని మీదొకటి ఎక్కిన కట్టర్ గీతలు. నాన్న ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఫేస్ కొట్టించారురా. హెడ్ గాస్కెట్ పోయుంటుంది. బ్లాకు వంగితే కొట్టాల్సిందే, అది తప్పు పని కాదు. కాని ముందు నంబరు కాగితం మీద దింపుకోవాలి. మేం దింపుకోకుండా మెషీన్ మీద పెట్టేవాళ్లమా?" ఎవరు చేశారో తెలియదు గాని, ఆ రోజు వాళ్లు ఒక్క నిమిషం ఆగి ఉంటే నాకీ టెన్షన్ ఉండేది కాదు. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు వెనక వైపు చూశాను. గేర్‌బాక్స్ కలిసే అంచు మీద, డ్రైవర్ పక్క కాస్టింగ్ నంబరు పోతలోనే ఉబ్బెత్తుగా వస్తుంది. చిన్న అద్దం పెట్టి చదివితే 3970010. ప్యాసింజర్ పక్క పోత తేదీ: ఎఫ్ 10 9. నెలలకు ఏ నుంచి అక్షరాలు, కాబట్టి ఎఫ్ అంటే జూన్. జూన్ 10న పోత, జూలై మొదటి వారంలో కారు, లెక్క చక్కగా కుదిరింది. అయినా సంతోషించడానికి లేదు. ఈ 3970010 బ్లాకుని 1969లో మొదలుపెట్టి డెబ్బైలంతా పోశారు. తేదీలో సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది. ఆ 9 అంటే 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు.

ఇక మిగిలింది ఒకే చోటు. 1968 నుంచి ఇంజిన్ మీద, గేర్‌బాక్స్ మీద విన్‌లో కొంత భాగం కొట్టారు. 69లో కొన్ని కార్లకు అది ప్యాడ్ మీద కాకుండా డ్రైవర్ పక్క, ఆయిల్ ఫిల్టర్‌కి కాస్త పైన ఉంటుంది. అది పోత ముఖం, గరుకుగా ఉంటుంది. ఫేసింగ్ మెషీన్ అక్కడికి రాదు. కారు జాకీ స్టాండ్ల మీదకెత్తి, ఆయిల్ దించి, ఫిల్టర్ విప్పి, వీపు నేలకానించి పడుకున్నాను. మసి, గట్టిపడిన గ్రీజు. బట్టకి బ్రేక్ క్లీనర్ తడిపి అద్దుతూ పోయాను. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత టార్చి కిందికి వంచితే ఒక 1. పక్కన 9. కాస్త వంకరగా ఎన్.

పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో మెల్లగా రుద్దాను. ఊళ్లో బండి ట్రాన్స్‌ఫర్‌కి చాసిస్ నంబరు ప్రింట్ తీసినట్టే, చిన్నప్పుడు షెడ్డులో నాన్న నా చేత తీయించినట్టే. 19ఎన్, దాని తర్వాత ఆరంకెలు. రెండోది సగమే పడింది, మూడోసారి రుద్దితే నిండింది. ఆ కాగితం పట్టుకుని పాక్కుంటూ బయటికొచ్చి డాష్‌బోర్డు దగ్గర నిలబడ్డాను. ఒక్కో అంకె వేలు పెట్టి చూశాను. ఆరుకి ఆరూ కలిశాయి.

నాన్నకి ఫోటో పంపాను. విజయవాడలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. అయినా వెంటనే ఫోన్ చేశారు. "మన బండి ఇంజినే" అన్నారు. మన బండి అన్నారు.

ఒకటి మాత్రం తేలలేదు. ప్యాడ్ మీద ఆ రెండక్షరాలు పోయాయి కాబట్టి ఇది 300 హార్స్‌పవర్ ఇంజినా, అంతకన్నా తక్కువదా అన్నది నంబర్లతో నిరూపించలేను. అంటే ఇది ఎస్ఎస్ కారు అని చెప్పడానికి ఇంజిన్ సాక్ష్యం లేదు. తెలిసినాయన ఒకరు ఖాళీ ప్యాడ్ మీద హెచ్ఏ కొట్టించేద్దాం, విలువ పెరుగుతుంది అన్నారు. వద్దన్నాను. ఏ అక్షరాలు పోయాయో తెలియకుండా కొట్టించే ముద్ర అబద్ధమే అవుతుంది. ప్యాడ్‌ని అలాగే ఫోటో తీసి, పెన్సిల్ ప్రింట్‌తో పాటు ఫైల్లో పెట్టాను. కొత్త ఫిల్టర్ బిగించాను. వచ్చే వారం వెనక యాక్సిల్ చూడాలి. ఎస్ఎస్‌కి 12 బోల్టుల యాక్సిల్ ఉండాలి, దాని ట్యూబ్ మీద కూడా ముద్ర ఉంటుంది.