క్యాష్ వస్తే డెబిట్ ఎందుకు మేడమ్?

టీచర్ అవుదామని డిగ్రీలో చేరకముందు నాలుగేళ్ళు అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేశా. నెలనెలా బ్యాంక్ రీకన్సిలియేషన్ నా పనే, అంటే మన క్యాష్ బుక్కునీ బ్యాంక్ వాళ్ళు పంపిన స్టేట్‌మెంట్‌నీ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం. కాబట్టి హైస్కూల్ పిల్లలకి బిజినెస్ చెప్పడానికి సబ్జెక్ట్ పరంగా నాకేం ఢోకా లేదు, నేర్చుకోవాల్సిందల్లా క్లాసుని అదుపులో పెట్టడమే అనుకున్నా. ఈ ధీమా టీచింగ్ ప్రాక్టీస్‌లో మూడో రోజుదాకా బానే నిలబడింది.

ఆ రోజు డబుల్ ఎంట్రీ, అంటే ప్రతి లావాదేవీనీ రెండు వైపులా, ఒక ఖాతాలో డెబిట్‌గా, ఇంకో ఖాతాలో క్రెడిట్‌గా రాసే పద్ధతి. వచ్చింది డెబిట్, పోయింది క్రెడిట్ అని బోర్డు మీద పెద్దగా రాసి, క్యాష్ వచ్చింది కాబట్టి క్యాష్ అకౌంట్ డెబిట్ అని చెప్పి, తిరిగి చూస్తే వెనక బెంచీలో ఒక పిల్లాడు చెయ్యెత్తి ఉన్నాడు. "మేడమ్, అకౌంట్‌లో డబ్బులు పడితే క్రెడిట్ అయ్యింది అని మెసేజ్ వస్తుంది కదా, కట్ అయితే డెబిట్ అని వస్తుంది. మీరేంటి తిరగేసి చెప్తున్నారు?"

క్లాసంతా నా మొహం వైపే చూస్తోంది. నాకు ఆన్సర్ తెలుసు. అంటే నా చేతికి తెలుసు, నాలుగేళ్ళు రెండు కాగితాల మీద రెండు వైపులా టిక్కులు కొట్టిన చెయ్యి కదా. నోటికే రాలేదు. "అది బ్యాంక్ వాళ్ళ లెక్క, మన లెక్క వేరు, ప్రస్తుతానికి రూల్ గుర్తుపెట్టుకోండి" అనేసి ముందుకెళ్ళిపోయా. వాడు సరే మేడమ్ అని కూర్చున్నాడు, ఇంక ఆ పీరియడ్‌లో మళ్ళీ చెయ్యెత్తలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

పీరియడ్ అయ్యాక మా మెంటర్ మేడమ్ ఒక్కటే అడిగారు. "ఆ మెసేజ్ పంపింది ఎవరమ్మా?" బ్యాంక్ అండీ అన్నా. "మరి ఆ మాట వాడి చేతే చెప్పించి ఉంటే సరిపోయేది కదా" అని ఆవిడ దారిన ఆవిడ వెళ్ళిపోయారు.

మర్నాడు ఇద్దర్ని ముందుకి పిలిచి చెరో కుర్చీ, చెరో నోట్‌బుక్ ఇచ్చా. ఒకడు బ్యాంక్, ఒకమ్మాయి కస్టమర్. ఆ అమ్మాయి 500 డిపాజిట్ చేసింది, ఇద్దరూ మీ మీ పుస్తకాల్లో రాసుకోండి అన్నా. అమ్మాయి పుస్తకంలో బ్యాంక్ తనకి 500 ఇవ్వాలి, అది తన ఆస్తి, డెబిట్. బ్యాంక్ అబ్బాయి కూడా ముందు డెబిట్ అనే రాశాడు, క్యాష్ వచ్చింది కాబట్టి అది కరెక్టే, కానీ రెండో వైపు ఏం రాయాలో తెలీక పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. "ఈ డబ్బు నీదేనా?" అన్నా. "కాదు మేడమ్, తనకి తిరిగివ్వాలి." ఇవ్వాల్సింది కాబట్టి అప్పు, కాబట్టి ఆ అమ్మాయి పేరు మీద క్రెడిట్. ఆ మెసేజ్ మన పుస్తకంలోంచి రావట్లేదు, బ్యాంక్ పుస్తకంలోంచి వస్తోంది, మన పేరున వాళ్ళు రాసుకున్న ఖాతాని వాళ్ళు మనకి చదివి వినిపిస్తున్నారు అంతే. ఇది నేను చెప్పలేదు, నిన్న అడిగిన వాడే లేచి చెప్పాడు. నేను ఆనందంలో ఉండగానే ఇంకో ప్రశ్న వేశాడు, అయితే డెబిట్ కార్డ్ అని ఎందుకంటారు అని. ఈసారి తడబడలేదు, అదీ బ్యాంక్ కుర్చీలోంచి చూడరా అన్నా. కార్డు గీకితే బ్యాంక్ మనకి ఇవ్వాల్సింది తగ్గుతుంది, అప్పు తగ్గితే డెబిట్.

ఆ ఊపులో ఇంకో ముక్క కూడా చెప్పేశా, ఈ పద్ధతిని 1494లో ఇటలీలో లూకా పాచోలి అనే క్రైస్తవ సన్యాసి తన లెక్కల పుస్తకంలో అచ్చేయించాడు, కనిపెట్టింది మాత్రం ఆయన కాదు, అక్కడి వ్యాపారులు అప్పటికే వాడుతున్నదే అని. పిల్లలకి ఇందులో బాగా నచ్చింది ఏంటంటే సన్యాసికి అకౌంట్స్‌తో పనేంటి అనేది. పది నిమిషాలు దాని మీదే పోయాయి.

ఇదంతా అయ్యాకే మా ఎడ్యుకేషన్ పేపర్‌లో ఒక చాప్టర్ నాకు నిజంగా ఎక్కింది. లీ షుల్మన్ 1986లో చెప్పిన మాట, సబ్జెక్ట్ తెలియడం ఒకటి, బోధనా పద్ధతులు తెలియడం ఒకటి, ఈ రెండూ కాకుండా ఈ సబ్జెక్టుని నేర్పడానికి సంబంధించిన తెలివి ఇంకోటి ఉంటుంది అని. అంటే ఏ పాయింట్ దగ్గర పిల్లలు తట్టుకుని పడతారు, ఏ ఉదాహరణ పనిచేస్తుంది, ఏది ఇంకా గందరగోళం చేస్తుంది అనేది తెలియడం. మొదటి సెమిస్టర్‌లో దీన్ని అయిదు మార్కుల ప్రశ్నకి సరిపడా బట్టీ పట్టి వదిలేశా. అకౌంటెంట్‌కి ఇది అక్కర్లేదు మరి, బ్యాలెన్స్ కుదిరితే చాలు.

డిగ్రీ ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తా. ఒక పక్క అకౌంట్స్, ఎకనామిక్స్, మార్కెటింగ్, మేనేజ్‌మెంట్, కొంచెం లా. ఇంకో పక్క ఎడ్యుకేషనల్ సైకాలజీ, కరికులమ్, అసెస్‌మెంట్. మధ్యలో టీచింగ్ ప్రాక్టీస్. ఈ మొదటి రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు, అదే నా కంప్లైంట్, మార్కెటింగ్ చెప్పే లెక్చరర్ మమ్మల్ని రేపటి మేనేజర్లు అన్నట్టు చూస్తారు, సైకాలజీ చెప్పేవాళ్ళకి మేం లెక్కలు చెప్తామో చరిత్ర చెప్తామో పట్టదు. రెంటినీ అతికించే పని మాదే, అదీ పిల్లల ముందు నిలబడ్డాక.

లెసన్ ప్లాన్ల గురించి అయితే చెప్పకపోవడమే మంచిది. 40 నిమిషాల క్లాసుకి నా మొదటి ప్లాన్ రాయడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టింది, క్లాసేమో 22 నిమిషాల్లో అయిపోయింది, మిగతా 18 నిమిషాలు ఎలా గడిచాయో నాకూ ఆ గోడ గడియారానికే తెలుసు. ఆబ్జెక్టివ్స్‌లో "విద్యార్థులు అర్థం చేసుకుంటారు" అని రాస్తే ఎర్ర గీత కొట్టి వెనక్కిచ్చారు. అర్థం చేసుకున్నారని నీకెలా తెలుస్తుంది, లెక్కిస్తారు, పోలుస్తారు, సమర్థిస్తారు, ఇలా కంటికి కనపడే క్రియలు రాయి అని. నేర్చుకోవడంలోని స్థాయిలకి 1956లో బ్లూమ్ వాళ్ళు వేసిన మెట్ల వరస, 2001లో మార్చి రాసిన దాని చలవ ఇదంతా. మొదట్లో చాదస్తం అనిపించింది. ఇప్పుడు కూడా కొంచెం అనిపిస్తుంది, కానీ బ్రేక్ ఈవెన్, అంటే లాభం నష్టం రెండూ లేని పాయింట్, చెప్పిన రోజు దాని విలువ తెలిసొచ్చింది.

దానికి ముందు మైక్రో టీచింగ్ సంగతి. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్ బృందం మొదలెట్టిన పద్ధతి, ఒక చిన్న పాఠం, కొద్దిమంది, ఒక్క నైపుణ్యం మీదే దృష్టి, రికార్డ్ చేసుకుని చూసుకోవడం, మళ్ళీ చెప్పడం. నా వీడియో నేను చూసుకుంటే ఏడు నిమిషాల్లో "ఓకేనా" అని 31 సార్లు అన్నా. పక్కనే కూర్చుని లెక్కపెట్టిన ఫ్రెండ్‌కి ఇప్పటికీ ఆ పాపం తగులుతూనే ఉంది. అంతకన్నా ఘోరం, ప్రశ్న అడిగి ఎవరూ నోరు తెరవకముందే నేనే ఆన్సర్ చెప్పేస్తున్నా. మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు చూసింది ఇదే, టీచర్లు ప్రశ్న వేశాక మామూలుగా ఆగేది ఒక్క సెకను, దాన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, తెలీదు అనడం తగ్గుతుంది. మూడు సెకన్లేగా అనుకోకండి, ముప్పై మంది మౌనంగా చూస్తుంటే అది మూడు గంటల్లా ఉంటుంది. నేను లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటా.

సరే, బ్రేక్ ఈవెన్. లెక్క సింపుల్. ఫిక్స్‌డ్ ఖర్చులు 6000, ఒక టీషర్ట్ అమ్మకం ధర 50, ఒక్కోదాని తయారీకి 30. ఎన్ని అమ్మితే లాభం నష్టం లేకుండా బయటపడతాం? 50లో 30 పోగా 20 మిగుల్తుంది, 6000ని 20తో భాగిస్తే 300. ఫార్ములా చెప్పా, రెండు లెక్కలు చేసి చూపించా, అందరూ తలలూపారు. తర్వాత ఫార్ములా చెరిపేసి ఇంకోలా అడిగితే సగం మందికి పైగా 120 అన్నారు. 6000ని 50తో భాగించేశారు.

పాత నేనైతే తప్పు అని 300 రాసేసేదాన్ని. ఈసారి సరే 120 అమ్ముదాం, లాభనష్టాల లెక్క వెయ్యండి అన్నా. అమ్మకాలు 6000. ఖర్చులు? ఫిక్స్‌డ్ 6000 అని రాసి సున్నా వచ్చింది మేడమ్ అని సంబరపడ్డారు. నోరు మూసుకుని నిలబడ్డా, ఒకటి, రెండు, మూడు. నాలుగో సెకనుకి ఒకమ్మాయి "ఆ 120 టీషర్టులు ఊరికే వచ్చాయా?" అంది. తయారీకే 3600, మొత్తం 9600, నష్టం 3600. నష్టం సరిగ్గా ఆ టీషర్టుల తయారీ ఖర్చంతే ఉందేంటి అని ఇంకొకడు అన్నాక, ఒక్కో టీషర్ట్ మీద మిగిలే ఆ 20కి కాంట్రిబ్యూషన్ అనే మాట ఎందుకు కావాల్సొచ్చిందో నేను చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఇదే "బ్రేక్ ఈవెన్‌ని అర్థం చేసుకుంటారు" అని ప్లాన్‌లో రాసుకుని ఉంటే, ఆ తలలూపడం చూసి అయిపోయిందనుకుని ఇంటికొచ్చేసేదాన్ని.

అన్ని టాపిక్కులూ ఇలా కష్టపెట్టవు. మార్కెటింగ్ మిక్స్ హాయిగా సాగిపోతుంది, 1960లో మెకార్తీ చెప్పిన నాలుగు పీలూ (ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్) పిల్లలు రోజూ చూసే యాడ్స్‌లోనే దొరుకుతాయి, ప్రమాదమల్లా ఆ నాలుగు పేర్లు అప్పజెప్పడమే మార్కెటింగ్ అనుకోవడం. మోటివేషన్ చెప్పేటప్పుడు మనిషి అవసరాల్ని మెట్లుగా చూపించే మాస్లో పిరమిడ్ గీయడం నాకు మాత్రం చిరాకు, 1943లో ఆయన రాసిన పేపర్‌లో పిరమిడ్ బొమ్మే లేదు, తర్వాత వేరేవాళ్ళు గీసింది. అయినా పరీక్షలో గీయమంటారు కాబట్టి గీయిస్తా, గీయించి ఆ సంగతి కూడా చెప్తా.

మెంటర్ మేడమ్ సలహాతో ఒక నోట్‌బుక్ పెట్టా, పిల్లల తప్పు ఆన్సర్ల కోసమే. ఎవరు చెప్పారో రాయను, ఏం చెప్పారో, అలా ఎందుకు అనుకుని ఉంటారో రాస్తా. మొదటి పేజీలో ఆ బ్యాంక్ మెసేజ్, నిజానికి అది తప్పు కాదు, నా తప్పు. తర్వాత 120. తర్వాత "మూలధనం అంటే బీరువాలో ఉండే డబ్బు". మొన్న చేరింది ఇది: "లాభం 20,000 వచ్చిందని లెక్కలో ఉంది కదా మేడమ్, మరి జీతాలివ్వడానికి డబ్బుల్లేవంటారేంటి, ఎవరో కొట్టేసుంటారు."

అప్పు మీద అమ్మితే అమ్మినరోజే లాభంలోకి వస్తుంది, డబ్బు మాత్రం వాళ్ళిచ్చినప్పుడే వస్తుంది, ఈ మధ్యలో జీతాల తేదీ వచ్చేస్తుంది. నాకు తెలుసు. వచ్చే వారం అబ్జర్వేషన్ క్లాసు దీని మీదే, యూనివర్సిటీ నుంచి సూపర్‌వైజర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. మళ్ళీ కుర్చీలు వేసి అమ్మేవాడు, కొనేవాడు, జీతం అడిగేవాడు అని ముగ్గుర్ని కూర్చోబెడదామా, లేకపోతే ఆ దొంగ ఎవరో కనిపెట్టండి అని లెక్కల పుస్తకమే వాళ్ళ చేతికిచ్చేద్దామా అని రాత్రి నుంచి కొట్టుకుంటున్నా. దొంగ వైపే మొగ్గుతున్నా ప్రస్తుతానికి.