డెడ్ ఐపాడ్ కొనే ముందు, విప్పే ముందు

ఈబేలో "పనిచేయదు, విడిభాగాలకు మాత్రమే" అని పెట్టే పాత ఐపాడ్‌లలో ఎక్కువగా పోయేది హార్డ్ డిస్కో బ్యాటరీనో. రెండూ మార్చుకోవచ్చు. మార్చినా ఖర్చు తేలనివి బోర్డు, స్క్రీను, వెనక స్టీలు మూత. అందుకే నేను ఫోటోలో మొదట చూసేది మూలలు. మూల సొట్టపోయిందంటే లోపలి ఫ్రేమ్ కూడా వంగి ఉండొచ్చు, మళ్ళీ మూత సరిగ్గా కూర్చోదు. గీతల సంగతి పట్టించుకోనక్కర్లేదు.

వెనక సన్న అక్షరాల్లో ఏ1136 అని ఉంటే 5వ తరం వీడియో ఐపాడ్, ఏ1238 అయితే క్లాసిక్. వీడియోలో 30 జీబీదానికి ర్యామ్ 32 ఎంబీ, 60, 80 జీబీలకు 64. హార్డ్ డిస్కు తీసేసి దాని స్థానంలో పెద్ద ఎస్‌డీ కార్డు వేసి పాటలు నింపాలనుకుంటే ఇది ముఖ్యం, 32 ఎంబీది సుమారు 20 వేల పాటల దగ్గరే మొరాయిస్తుంది. మ్యూజిక్ మెనూలో సెర్చ్ ఉంటే అది 2006లో వచ్చిన, 5.5వ తరం అని పిలిచే మోడల్.

క్లాసిక్‌లోనే చాలామంది మోసపోతారు. 160 జీబీవి రెండున్నాయి: 2007లో వచ్చిన లావుది, 2009లో వచ్చిన సన్నది. లావుది వేరే రకం డిస్కు కనెక్షన్ (సీఈ-ఏటీఏ) వాడుతుంది, కార్డు అడాప్టర్లు దానికి పట్టవు. 2007 నాటి 80 జీబీది, 2008 నాటి 120 జీబీది డిస్కు అడ్రస్‌కు 28 బిట్లే వాడతాయి కాబట్టి ఎంత పెద్ద కార్డు పెట్టినా ఆపిల్ సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది 128 జీబీ వరకే. 2009 దానికి ఆ అడ్డు లేదు. అమ్మేవాళ్ళను పక్క నుంచి తీసిన ఫోటో అడగండి.

స్క్రీను మీద ఎర్ర ఇంటూ గుర్తో, ఏడుపు ముఖమో, టిక్కు టిక్కుమనే శబ్దమో ఉంటే మంచి బేరం: బోర్డు బతికే ఉంది, డిస్కు పోయింది. తాళం గుర్తు పోకపోతే హోల్డ్ స్విచ్ (బటన్లు పనిచేయకుండా తాళం వేసే మీట) అనుమానించాలి. అది హెడ్‌ఫోన్ జాక్‌తో కలిపి ఒకే రిబ్బన్ మీద వస్తుంది, ఒక చెవిలోనే పాట వినిపించినా మార్చాల్సింది అదే. లావు, సన్న మోడళ్ళకు ఈ ముక్క వేరువేరు, చూసి ఆర్డర్ చేయాలి. అసలు వెలగనిదానికి మాత్రం బాడీ ధర మించి ఇవ్వొద్దు.

చేతికొచ్చాక గోడ చార్జర్‌కు గంటసేపు పెట్టి, మెనూ, నడిమి బటన్ కలిపి 8 సెకన్లు నొక్కండి. లోగో రాగానే నడిమి బటన్, వెనక్కి బటన్ పట్టుకుంటే డయాగ్నస్టిక్ మోడ్ వస్తుంది. అక్కడ హార్డ్ డ్రైవ్ కింద స్మార్ట్ డేటాలో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) రీఅలోకేటెడ్, పెండింగ్ సెక్టార్లు, అంటే పాడైన, అనుమానమున్న చోట్లు, పెద్ద అంకెలుంటే ఆ డిస్కును ఇక నమ్మకూడదు.

విప్పడంలో వీడియో ఐపాడ్ సులువు, ప్లాస్టిక్ పిక్ చాలు. క్లాసిక్ ముందు భాగం కూడా లోహమే కావడంతో క్లిప్పులు గట్టిగా పట్టుకుంటాయి, సన్నటి ఇనుప రేకు కావాలి, తొందర అస్సలు పనికిరాదు. మూత ఊడగానే పుస్తకంలా తెరిచేయొద్దు! బ్యాటరీ రిబ్బన్ ఇంకా బోర్డుకే ఉంటుంది. దాని గోధుమరంగు గొళ్ళెం 2 మిల్లీమీటర్లు మాత్రమే లేస్తుంది, గోరుతో మెల్లగా ఎత్తాలి. గట్టిగా లాగితే కనెక్టరే బోర్డు నుంచి ఊడొస్తుంది. దాన్ని తిరిగి అతికించడం మైక్రోస్కోప్ కింద చేసే సోల్డరింగ్ పని. మంచి బోర్డులు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

డిస్కు స్థానంలో ఐఫ్లాష్ అడాప్టర్, ఎస్‌డీ కార్డు పెట్టాలి. కార్డును ముందు కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో పూర్తిగా పరీక్షించండి. నకిలీ కార్డు రీస్టోర్ (ఐపాడ్ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించడం) దాకా బాగానే ఉండి, పాటలు సగం ఎక్కాక చెడగొడుతుంది. డిస్కు పోయిన చోటు ఖాళీ కాబట్టి సన్న మూతలో కూడా 2000 ఎంఏహెచ్ దాకా బ్యాటరీ పడుతుంది. అడాప్టర్ కదలకుండా ఫోమ్ ముక్క పెట్టి, మూత నొక్కకముందే ఐట్యూన్స్‌లో రీస్టోర్ చేసి, రెండు చెవులూ, హోల్డ్, వీల్ చూసుకోండి. మళ్ళీ విప్పిన ప్రతిసారీ క్లిప్పులు వంగుతాయి.

అమ్మేటప్పుడు బ్యాటరీ, స్టోరేజ్ మార్చినవని, 2007–08 క్లాసిక్ అయితే 128 జీబీ పరిమితి ఉందని ప్రకటనలోనే రాయండి. కొనేవాళ్ళు తర్వాత పెద్ద కార్డు వేసుకుని అది చదవకపోతే, ఆ ఐపాడ్ తిరిగి మీ దగ్గరికే వస్తుంది.