తొమ్మిదో డ్రాగన్

చైనా సీరియళ్లలో చక్రవర్తి పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పసుపు డ్రాగన్ అంగీలోనే తిరుగుతుంటాడు. అసలు పద్ధతి అది కాదు. చైనాను చివరగా ఏలిన చింగ్ వంశం రోజుల్లో స్వర్గానికి చేసే పూజకు నీలం, సూర్యుడి పూజకు ఎరుపు, చంద్రుడి పూజకు నీలిఛాయ ఉన్న తెలుపు వేసుకునేవారు. మామూలు రోజుల్లో సాదా అంగీ. ఎవరు ఏ హోదాకి ఏం తొడుక్కోవాలో చియెన్‌లుంగ్ చక్రవర్తి 1759లో బొమ్మలతో సహా పుస్తకమే రాయించాడు.

ఇవన్నీ ఉద్యోగంలో పడ్డాక తెలుసుకున్నవే. నేనుండేది జెజియాంగ్ ప్రావిన్స్‌లోని కెచియావ్‌లో. బట్టల హోల్‌సేల్‌కి పెట్టింది పేరు, మనదేశం వ్యాపారులూ బాగానే ఉంటారు. గుడ్డ క్వాలిటీ చూడడం నా పని. దక్షిణంగా వెళ్తే హెంగ్డియన్ స్టూడియోలు వస్తాయి. బీజింగ్ రాజప్రాసాదానికి అక్కడ నకలు కట్టారు. ఆ షూటింగులకు బట్టలు కుట్టేవాళ్లు మా దగ్గర గుడ్డ కొంటారు. ఎక్కువగా పాలియెస్టర్ శాటిన్, మీద మిషన్ ఎంబ్రాయిడరీ. వందల మంది జూనియర్ ఆర్టిస్టులకు చేనేత పట్టు ఎవరూ పెట్టలేరు, అందులో తప్పేం లేదు.

చేనేతంటే ఎంత కష్టమో నాన్‌జింగ్‌లో చూశాను. చింగ్‌లకు ముందు ఏలిన మింగ్ వంశపు చక్రవర్తి వాన్‌లీ సమాధిని 1956-57లో తవ్వితే, బయటపడ్డ పట్టుబట్టలు గాలి తగిలి రంగు మారి పెళుసెక్కిపోయాయి. అలాంటి అంగీని నాన్‌జింగ్ నేతగాళ్లు మళ్లీ నేశారు. ఎత్తైన మగ్గం పైన ఒకరు కూర్చుని దారాలు లాగుతుంటే కింద ఒకరు నేస్తారు. ధర్మవరంలో డిజైన్‌కి తగ్గట్టు చిల్లులు కొట్టిన జాకార్డు అట్టలు చేసే పనిని ఇక్కడ పైనున్న మనిషి చేస్తాడన్నమాట. రోజంతా నేస్తే ఐదారు సెంటీమీటర్లు. 2009లో యునెస్కో ఈ నేతను వారసత్వ జాబితాలో చేర్చింది.

నా పట్టుదల మాత్రం తొమ్మిదో డ్రాగన్ గురించి. చింగ్ చక్రవర్తి అంగీకి ఛాతీ మీద ఒకటి, వీపున ఒకటి, భుజాలకు రెండు, కింద ముందూ వెనకా రెండేసి. మొత్తం ఎనిమిది. ఎటునుంచి చూసినా ఐదు కనిపిస్తాయి. తొమ్మిదోది ముందు మడత లోపల దాగి ఉంటుంది. బడ్జెట్ తగ్గితే మొదట ఎగిరిపోయేది అదే. కెమెరాకి కనపడదు కదా అంటారు. నటుడు కూర్చున్నప్పుడో, గుర్రం ఎక్కినప్పుడో మడత కాస్త తొలిగి ఉత్త లైనింగ్ కనిపిస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. జూనియర్ ఆర్టిస్టులకు ఎలాగైనా కుట్టుకోండి, హీరో అంగీ ఒక్కదానికైనా ఆ తొమ్మిదోది వేయండి అని ఆర్డర్ తెచ్చిన ప్రతివాళ్లనీ అడుగుతున్నాను. కొందరు ఒప్పుకుంటున్నారు కూడా.