సెలవును హక్కుగా చూసిన పంతులు: పియెర్ మోరువా

ఫ్రాన్స్‌లో 1981లో సోషలిస్టులు అధికారంలోకి వచ్చిన సందర్భం గురించి మాట్లాడేటప్పుడు అందరూ అధ్యక్షుడు మితెరాండ్‌నే తలుచుకుంటారు. నాకు మాత్రం ఆయన నియమించిన తొలి ప్రధానమంత్రి పియెర్ మోరువా మీదే అభిమానం ఎక్కువ.

ఉత్తర ఫ్రాన్స్‌లోని కార్తిన్యీ గ్రామంలో 1928లో ఒక బడిపంతులు ఇంట పుట్టిన మోరువా, తానూ ఆ వృత్తిలోకే వెళ్ళి, పారిస్ శివారు పట్టణమైన కొలోంబ్‌లో సాంకేతిక విద్య చదివే పిల్లలకు పాఠాలు చెప్పారు. అదే కాలంలో యువజన క్లబ్బుల సమాఖ్య ఒకటి స్థాపించి, దానికి లియో లగ్రాంజ్ పేరు పెట్టారు. 1936లో పాపులర్ ఫ్రంట్ అనే వామపక్ష కూటమి ప్రభుత్వం కార్మికులకు తొలిసారిగా ఏటా రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చినప్పుడు, వాళ్ళు తగ్గింపు ధర టికెట్టుతో రైలెక్కి సముద్రం చూసి వచ్చే ఏర్పాటు చేసిన మంత్రి లగ్రాంజ్. 1940లో యుద్ధంలో మరణించారు. బడి ఎంత ముఖ్యమో, పని లేని వేళ మనిషి తన కోసం గడుపుకునే సమయమూ అంతే ముఖ్యమన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది.

ప్రధాని అయ్యాక ఆ నమ్మకాన్నే ఆయన చట్టంలోకి తెచ్చారు. 1982 జనవరిలో వారానికి 40 గంటల పని 39కి తగ్గింది, జీతంతో కూడిన సెలవు ఐదు వారాలకు పెరిగింది. మార్చిలో పదవీ విరమణ వయసు 60 అయింది. ఆయన మేయర్‌గా ఉన్న ఉత్తర ఫ్రాన్స్ నగరం లిల్ చుట్టుపక్కల గనుల్లోనూ బట్టల మిల్లుల్లోనూ చిన్న వయసులోనే పనికి చేరినవాళ్ళకు ఆ 60 అనే అంకె విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఆ మంత్రివర్గంలో ‘తీరిక సమయం’ పేరుతోనే ఒక శాఖ ఉండేది. దాని మంత్రి ఆంద్రే ఆన్రీ కూడా పూర్వాశ్రమంలో బడిపంతులే.

ఆయన హయాంలో ఫ్రెంచి కరెన్సీ ఫ్రాంక్ విలువను మూడుసార్లు తగ్గించవలసి వచ్చింది, 1983లో పొదుపు చర్యలు తప్పలేదు. అయినా ఆయన ప్రభుత్వం పడిపోయింది డబ్బు దగ్గర కాదు, బడి దగ్గర. విద్యామంత్రి సవారీ ప్రైవేటు పాఠశాలలను, అంటే ముఖ్యంగా కాథలిక్ బడులను, ప్రభుత్వ విద్యావ్యవస్థకు దగ్గర చేస్తూ ఎంతో ఓర్పుతో ఒక రాజీ బిల్లు తయారుచేశారు. సొంత పార్టీ సభ్యులు దాన్ని కఠినం చేసే సవరణలు తెస్తే మోరువా ఒప్పుకున్నారు. అక్కడే పొరపాటు జరిగిందని నా అభిప్రాయం. 1984 జూన్ 24న పారిస్ వీధులు ప్రైవేటు బడుల తరఫున వచ్చిన నిరసనకారులతో నిండిపోయాయి. జులైలో మితెరాండ్ బిల్లును ఉపసంహరించుకున్నారు, సవారీ, మోరువా ఇద్దరూ తప్పుకున్నారు.

ఐదో వారం సెలవు మాత్రం నిలిచింది. 60 నిలవలేదు: 2010లో దాన్ని 62కి పెంచే చట్టం వచ్చినప్పుడు మోరువా ఇంకా సెనేటర్‌గానే ఉన్నారు.