ప్యానెల్ వెనక పది కిలోల మైనం

రోహిణి కార్తెలో ఒంటిగంటకు మా నంద్యాల మిద్దె మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ వెనక థర్మామీటర్ పెడితే 66 డిగ్రీలు చూపించింది. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి. మామూలు సిలికాన్ ప్యానెల్‌కి అక్కడి నుంచి డిగ్రీకి సుమారు 0.4 శాతం పవర్ తగ్గుతుంది. అంటే ఎండ బాగా కాసే వేళలోనే ఆరో వంతు పోతోంది. నాకు మనసొప్పలేదు.

వెనక పైపుల్లో నీళ్లు తిప్పి, కరెంటూ వేడినీళ్లూ రెండూ ఇచ్చే హైబ్రిడ్ ప్యానెళ్లు ఉన్నాయి. పగలంతా నీళ్లు తిప్పే వీలు మాకు లేదు. అందుకే మధ్యలో మైనం పెట్టాను. కరిగేటప్పుడు మైనం వేడిని మింగుతుంది గానీ, తాను పెద్దగా వేడెక్కదు. కిలో పారాఫిన్ మైనం కరగడానికి పట్టే వేడితో కిలో నీళ్లు దాదాపు 48 డిగ్రీలు పెరుగుతాయి.

పోయినేడాది కొవ్వొత్తులు కరిగించి రేకు ట్రేలో పోశాను. ఆ మైనం 60 దగ్గర గానీ కరగదు, అప్పటికే ప్యానెల్ మండిపోతోంది. పైగా కరిగితే మైనం పొంగుతుంది. నిండా పోయడంతో సీలు ఊడి గోడ మీదికి కారింది.

ఈసారి 44 దగ్గర కరిగేది తెప్పించాను, పది కిలోలు. ట్రేలో కొంచెం ఖాళీ వదిలాను. మైనంలో వేడి తొందరగా పాకదు, ప్యానెల్‌కి ఆనుకున్న పొర కరిగినా వెనకది గడ్డగానే ఉంటుంది. అందుకని అల్యూమినియం రేకు ముక్కలు నిలువుగా దింపి, వాటికి ఆనేలా రాగి పైపు పెట్టాను.

"కొబ్బరి నూనె పోయొచ్చు కదమ్మా, అదీ గడ్డకడుతుంది" అన్నారు పక్కింటి పెద్దాయన. మంచి మాట. కానీ అది 24 దగ్గరే కరిగిపోతుంది. ఇక్కడ మే నెల రాత్రుల్లో మళ్లీ గడ్డకట్టదు. పగలు కరగడం ఎంత ముఖ్యమో, తెల్లారేసరికి గట్టిపడడం అంత ముఖ్యం. నేను అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది అదే.

నిన్న ఒంటిగంటకు 53 డిగ్రీలే. ఐదు శాతం పవర్ దక్కినట్టే. సాయంత్రం పైపులో నీళ్లు వదిలితే అమ్మ స్నానానికి ఒక బకెట్ గోరువెచ్చటి నీళ్లు వచ్చాయి. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమెకు ఏడాదంతా వేడినీళ్లే కావాలి.

అయితే రెండున్నరకే మైనమంతా కరిగిపోయి, ప్యానెల్ మళ్లీ వేడెక్కింది. రేపు రెండింటికే నీళ్లు వదిలి చూస్తాను. డ్రమ్ము మిద్దె మీదికి ఎక్కించాను.